ఎదురు గీత మీద చిక్కుడు గింజలు

"ఇవాళ వద్దే తల్లీ. పడవలకి దీవెనలిచ్చే రోజు. ఇవాళ చెప్పావంటే ఈ సీజనంతా మీ నాన్న వలలో బురద తప్ప ఇంకేం పడదు," అన్నాను టోంకాతో.

అది జుట్టు ముడేసుకుంటూ అద్దంలోంచే నా వైపు చూసింది. "నీకెప్పుడూ ఇవాళ వద్దే కదమ్మా. క్రిస్మస్‌కీ ఇవాళ వద్దంటావు, మామూలు మంగళవారానికీ ఇవాళ వద్దంటావు."

నా భయాలు దానికేం తెలుసు. ఆయన నిచ్చెన మీద ఉండగా ఇది నోరు విప్పుతుంది, ఆయన జారి పడతాడు, నడుం విరుగుతుంది, బిషప్పుగారు ఒకపక్క పడవల మీద తీర్థం చల్లుతుంటే ఇంకోపక్క మా పడవ దగ్గరికి అంబులెన్సు వస్తుంది. రేవుకి నడుస్తున్నంతసేపూ నా కళ్ళకి ఇదే కనబడింది.

మా ఆయన నిజంగానే నిచ్చెన మీదున్నాడు. రంగు కాగితాల జెండాలు కడుతున్నాడు. అమెరికా దక్షిణ తీరాన మా బిలాక్సీలో రొయ్యల పడవలన్నీ ఆ రోజు పెళ్ళికూతుళ్ళలా ఉంటాయి. మా ఆడబిడ్డ పెరీనా పుష్రాటాలనే వేడి వేడి తీపి బజ్జీల పళ్ళెం పట్టుకుని, పైనున్న చక్కెర పాకం ఆరకముందే తినమని దారిన పోయేవాళ్ళందరినీ పిలుస్తోంది.

టోంకా మూడు సీజన్లుగా వాళ్ళ నాన్నతో వేటకి వెళ్తోంది. మగపిల్లలు లేని లోటు అదే తీర్చింది. వల లాగడం, రొయ్యల్ని వేరు చెయ్యడం, ఐసు కొట్టడం, అన్నీ వచ్చు. అది నిచ్చెన కింద నిలబడి, జెండా తాడు అందిస్తూనే చెప్పేసింది.

"నాన్నా, ఈసారి నేను వేటకి రాను. రేవులోకి కాసినో పడవ వస్తోంది కదా, అందులో చేరడానికి పని నేర్చుకుంటున్నా. పాచికల బల్ల దగ్గర. క్రాప్స్ అంటారు."

ఆయన పడలేదు. చేతిలో ఉన్న ముడి పూర్తిగా వేశాడు. దిగాడు. క్యాబిన్‌లోకి వెళ్ళి టోంకా తెల్ల రబ్బరు బూట్లు తెచ్చి రేవు చెక్కల మీద పెట్టాడు. విసిరెయ్యలేదు. రెండూ పక్కపక్కన, ముందు భాగం ఊరి వైపు తిప్పి, సర్ది మరీ పెట్టాడు. పెట్టి నాతో అన్నాడు:

"ఫ్రాన్యా, ఆకలేస్తోంది."

అంతే. ఆ రోజు నుంచి కూతురితో మాట్లాడలేదు.

*

సీజను మొదలైంది. టోంకా బదులు మిన్ అనే వియత్నాం అతన్ని పెట్టుకుని ఆయన వేటకి వెళ్ళాడు. నాలుగైదు రోజులకోసారి ఐసుకీ డీజిలుకీ వస్తాడు, ఇంట్లో ఒక పూట తింటాడు, పోతాడు. ఆయన సముద్రం మీద ఉన్నప్పుడు వాతావరణం కోసం రేడియో వింటూ భయపడేదాన్ని. ఇంటికొచ్చాక ఇంట్లో ఎవరూ ఏమీ అనుకోకుండా ఉండాలని భయపడేదాన్ని. నాకు సెలవు లేదు.

మూతపడ్డ ఫర్నిచర్ షాపు మేడ మీద, బల్ల దగ్గర ఆట నడిపే డీలర్లకి క్లాసులు పెట్టారు. టోంకా పొద్దున్నే వెళ్ళేది, మధ్యాహ్నం వచ్చి వంటింటి బల్ల మీద ఆకుపచ్చ దుప్పటి పరిచి సుద్దముక్కతో గీతలు గీసేది. పాచికలు లాగడానికి డీలర్ల దగ్గర వంకీ కర్ర ఒకటి ఉంటుందట. చనిపోయిన మా అత్తగారి చేతికర్ర అటక మీంచి దింపింది.

"అమ్మా, కూర్చో. ఆడేవాళ్ళు లేకపోతే డీలరెలా అవుతాను?"

"నాకు పాపం తగుల్తుందే."

"చిక్కుడు గింజల్తో ఆడితే పాపమేంటి? ఆట అయ్యాక వండుకు తినడమేగా."

పెరీనా ఈ మాట కోసమే కాచుకున్నట్టు కుర్చీ లాక్కుని కూర్చుంది. చర్చి హాల్లో బింగో ఆట పెడితే మొదటి వరసలో ఉండేది ఆవిడే.

టోంకా పాచికలు చేతిలోకి తీసుకుని చెప్పింది: "మొదటి విసురుకి రెండు పాచికలూ కలిపి ఆ అంకె గానీ పదకొండు గానీ పడితే విసిరినవాడు గెలిచాడు. రెండు, మూడు, పన్నెండు పడితే ఓడాడు. ఇంకేది పడినా అది వాడి పాయింట్. మళ్ళీ అదే పడేదాకా విసరాలి. ఈలోగా ఆ అంకె పడిందా, కొంప మునిగినట్టే."

"ఏ అంకె?"

"ఆరు తర్వాతది."

"ఏడా?"

అత్తగారి కర్ర బల్ల మీద టప్పున పడింది.

"అనకమ్మా! బల్ల దగ్గర ఆ మాట అంటే జనం కొట్టడానికొస్తారు. అంటే పడుతుందని వాళ్ళ నమ్మకం."

పెరీనా పడీపడీ నవ్వింది. "బాగుందే! మనవాళ్ళేమో పడవ మునుగుతుందని సరుకు గది మూత బోర్లా పెట్టనివ్వరు, వీళ్ళేమో అంకె పలకనివ్వరు. మీ నాన్నకి చెప్పు, సొంత మనుషుల్లోనే పడ్డానని."

ఆ రోజు నుంచి ఇంకెక్కడా ఆ అంకె నా నోట్లోంచి రాలేదు. గడియారం చూసి టైమెంతంటే, ఆరు దాటి గంటైంది అంటాను. నవ్వేవాళ్ళు నవ్వుకోనీ.

ఇక పందెం. విసిరేవాడు గెలుస్తాడనుకుంటే గింజలు గెలుపు గీత మీద పెట్టాలి. ఓడతాడనుకుంటే దాని పక్కనే ఉన్న ఎదురు గీత మీద పెట్టాలి. నేను ఆలోచించకుండా నా గింజలు ఎదురు గీత మీదకి తోశాను.

"అది వద్దమ్మా. అక్కడ ఎవరూ పెట్టరు."

"ఎందుకని?"

"వాడు ఓడిపోతేనే నీకొస్తుంది."

"జరిగేది అదేగా."

పెరీనా గింజలు పక్కన పెట్టి కళ్ళు తుడుచుకుంది. "టోంకా, మీ అమ్మ సంగతి నీకు తెలీదు. పెళ్ళినాడు చర్చికి నల్ల గౌను కూడా సంచిలో పెట్టుకొచ్చింది. దారిలో మా అన్నయ్యకేమైనా అయితే పనికొస్తుందని!"

"అది మా అమ్మ పెట్టింది," అన్నాను.

"అంటే వంశమంతా ఎదురు గీతేనన్నమాట!"

టోంకా నవ్వలేదు. కర్ర మీద గడ్డం ఆనించి నా వైపు చూసింది. "అందరూ ఒకపక్క వాడు గెలవాలని కేకలేస్తుంటే, నువ్వొక్కదానివీ వాడెప్పుడు ఓడతాడా అని చూస్తూ నిలబడాలమ్మా. నీకు బాగుంటుందా?"

"నేను వాడు ఓడాలని కోరుకోను. ఓడతాడేమోనని భయపడతాను. రెండూ వేరు."

కానీ గింజలు మాత్రం నా ముందు కుప్ప పడుతూనే ఉన్నాయి. నిజం చెప్పాలంటే, ఒక వారం తిరిగేసరికి నాకు ఆ ఆట రుచి తెలిసింది. జీవితంలో మొదటిసారి నా భయానికి ఎవరో ప్రతిఫలం ఇస్తున్నారు.

*

జూలైలో ఒక మధ్యాహ్నం మేం ఆటలో ఉండగా మా ఆయన ముందుగానే వేట నుంచి వచ్చేశాడు. ఉప్పూ డీజిలూ కలిసిన వాసన ముందు వచ్చింది, వెనకాల మనిషి వచ్చాడు. బల్ల మీద దుప్పటి, గీతలు, తన తల్లి చేతికర్ర చూశాడు. కాఫీ పోసుకున్నాడు.

"ఫ్రాన్యా, ఆ దుప్పటి తీయిస్తే భోంచేస్తాను."

టోంకా పాచికలు ఆపింది. "పది నిమిషాల్లో తీస్తానని చెప్పమ్మా."

"పది నిమిషాలకి రొయ్యలు కూడా కుళ్ళిపోవని, నేను ఆగుతానని చెప్పు," అన్నాడు ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ.

ఇద్దరి మధ్యా మూరెడు దూరం లేదు. నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. అందరికీ వినబడిందిగా.

టోంకా లేచి నిలబడింది. "నేనిక్కడే ఉన్నాను నాన్నా."

ఆయన కాఫీ తాగాడు.

"నాన్నా. నేను తాగుబోతునై రాలేదు. దొంగతనం చేసి రాలేదు. పని నేర్చుకుంటున్నా. ఒక్క మాట... తిట్టండి పోనీ."

ఆయన కప్పు కడిగి బోర్లించాడు.

అప్పుడు దాని గొంతు మారింది. అంతవరకూ నేను విని ఎరగని గొంతు. "అయితే వినండి. హైవే దగ్గర గది చూసుకున్నాను. ఉద్యోగం ఖాయమైన రోజే వెళ్ళిపోతాను. నాతో మాట్లాడని మనిషి ఎదురుగా కూర్చుని నాకు ముద్ద దిగడం లేదు."

ఆయన టోపీ పెట్టుకుని పెరట్లోకి వెళ్ళాడు. వలకి చిరుగు కుట్టుకుంటూ కూర్చున్నాడు. ఆ రోజు ఆ దుప్పటి నేనే తీశాను. భోజనం ఎవరూ చెయ్యలేదు.

నేను చూడని చెడు లేదు ఆ వారమంతా. ఇది పాసైతే ఇల్లు వదిలిపోతుంది. ఒంటరి గది, హైవే పక్క, అర్ధరాత్రి డ్యూటీలు, తలుపుకి సరైన గడియ ఉంటుందో ఉండదో. పాసవ్వకపోతే తలెత్తుకుని తిరగలేదు, పడవలోకి తిరిగి వెళ్ళలేదు. ఈ ఇద్దరిలో ఒకరు నోరు తెరవకపోతే ఏ గీత గెలిచినా పోయేది నా ఇల్లే.

*

టోంకాకి టిఫిన్ ఇచ్చే వంకతో ఒకరోజు ఆ క్లాసు చూసొచ్చాను. నేర్పేవాడు హాలీ అని, కాసినోల రాష్ట్రం నెవాడా నుంచి వచ్చిన బండ మనిషి. గొంతు మాత్రం పెంచడు. అదే నాకు ఇంకా భయం పుట్టించింది.

టోంకా కర్ర పట్టుకుని బల్ల మధ్యలో నిలబడింది. ఆటగాడిలా నటిస్తున్న ఒక ముసలాయన పాచికలు రెండు చేతుల మధ్యా పెట్టి గలగలలాడించి విసిరాడు. టోంకా చిరునవ్వుతో అంకె పలికింది.

"ఆపు," అన్నాడు హాలీ. "ఇప్పుడేం చూశావు?"

"తొమ్మిది పడిందండీ."

"రెండు చేతులు చూశావా?"

"చూశానండీ. పెద్దాయన కదా అని..."

"రెండో చేతిలో ఇంకో జత పాచికలుంటే? చేతులు కలిసినట్టు చూశావంటే ఆ విసురు చెల్లదు. పాచికలు వెనక్కి లాగి, అన్ని వైపులా చూసి, మళ్ళీ ఇస్తావు. నీ చెయ్యి బాగుంది, నీ లెక్క బాగుంది. నీకు నోరే లేదు. ఎవరేం చేసినా నవ్వుతావు. ఆదివారం కూడా ఇలాగే వదిలేశావంటే నీకు వచ్చినవాళ్ళ కోట్లు తగిలించే గదిలో పని ఇస్తాను."

ఆగస్టులో బిలాక్సీలో కోట్లెవరు వేసుకుంటారని అడగబోయాను. టోంకా ముఖం చూసి ఊరుకున్నాను.

మరి ఆదివారమంటే, కాసినో తెరవడానికి ముందు డీలర్ల ఇళ్ళవాళ్ళని పిలిచి ఉత్తుత్తి చిప్స్‌తో, అంటే డబ్బు బదులు పెట్టే పందెం బిళ్ళలతో, ఆడిస్తారు. అదే పరీక్ష. ఆ సాయంత్రమే ఎవరు ఉంటారో ఎవరు పోతారో చెప్తారు.

*

ఆదివారం మధ్యాహ్నం ఆకాశం నల్లబడింది. గాలి ఎక్కువగా ఉందని పడవలేవీ కదల్లేదు. నాకు బండి నడపడం రాదు.

"నన్ను ఆ కాసినో దగ్గర దింపుతావా?" అని అడిగాను మా ఆయన్ని.

"దింపుతాను. లోపలికి రాను."

బండిలో ఇద్దరం మాట్లాడుకోలేదు. రేవు దగ్గర ఆపి, వైపర్లు తిరుగుతుండగా ఆ పెద్ద పడవని పైనుంచి కిందికి చూశాడు. నేను దిగి వానలో పరిగెత్తాను.

లోపల దీపాలకి కళ్ళు చెదిరాయి. పెరీనా ఈకల టోపీ పెట్టుకుని అప్పటికే బల్ల దగ్గర చోటు పట్టింది. టోంకా తెల్ల చొక్కా, మెడకి నల్ల బో టై, చేతిలో అసలైన కర్ర. దాని వెనకే హాలీ, చేతులు కట్టుకుని. నన్ను చూసినా అది చూడనట్టే ఉంది. అదీ నియమమేనట.

పెరీనా విసిరింది, నాలుగు పాయింట్ పెట్టుకుంది, రెండో విసురుకే ఆ అంకె పడి కొంప ముంచుకుంది. ఎదురు గీత మీదున్న నా చిప్స్ రెట్టింపయ్యాయి. "నీ కళ్ళు పడ్డాయి వదినా," అంది పెరీనా. తర్వాత విసరాల్సిన వంతు నాది. నా వల్ల కాదని తల అడ్డంగా ఊపాను. విసరనివాళ్ళని దాటి పాచికలు పక్కవాళ్ళకి పోతాయి.

అప్పుడే నా పక్కన తడి గుడ్డల వాసన. మా ఆయన. టోపీ అంచునుంచి నీళ్ళు కారుతున్నాయి.

"వీళ్ళ పడవని కట్టిన వెనక మోకు ఇనుముకి రాసుకుంటోంది," అన్నాడు నాతో. "ఒక గుడ్డ కూడా చుట్టలేదు. ఈ గాలికి రాత్రికల్లా తెగుతుంది. ఇక్కడెవరికి చెప్పాలి?"

నేను నోరు తెరిచేలోగా పెరీనా అరిచింది. "అన్నయ్యొచ్చాడు! అన్నయ్య విసరాలి!"

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా తిరిగారు. హాలీ ఆయన వైపు మర్యాదగా తల వంచాడు. "బల్ల దగ్గర నిలబడ్డారు కదా, వంతు మీదే."

టోంకా చేతిలో కర్ర ఒక్క క్షణం ఆగింది. తర్వాత పాచికలు మెల్లగా బల్ల మీద జరుగుతూ వచ్చి మా ఆయన ముందు ఆగాయి. "కొత్త విసురు. పందేలు పెట్టండి," అంది టోంకా, గోడకి చెప్తున్నట్టు.

అందరి చిప్స్ గెలుపు గీత మీదికి వచ్చాయి. నావి ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయి. పెరీనా వదుల్తుందా.

"చూశావా అన్నయ్యా! ఊరంతా నువ్వు గెలవాలని పెడితే మీ ఆవిడ నువ్వు ఓడాలని పెట్టింది!"

అందరూ గొల్లుమన్నారు. ఆయన ఆ చిప్స్ చూశాడు, నన్ను చూశాడు.

"ఇదేంటి?"

"అలవాటు," అన్నాను. తీసేద్దామని చెయ్యి చాపాను. తీస్తే ఏమవుతుందో అని భయం, ఉంచితే ఏమవుతుందో అని భయం. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

పాచికల్ని నేలకేసి కొట్టి వెళ్ళిపోతాడనుకున్నాను. కొట్టలేదు. తీసుకున్నాడు. చలికాలం తెల్లవారుజామున చేతులు వెచ్చబెట్టుకుంటాడే, అలాగే రెండు అరచేతుల మధ్యా మూసి, ఊపి, విసిరాడు.

ఆరు. ఐదు. పదకొండు.

బల్ల ఊగిపోయింది. పెరీనా టోపీ ఎగిరింది. ముక్కూమొహం తెలియని మనిషి ఒకడు మా ఆయన వీపు చరిచాడు. ఆయన మూతి చివర ఏదో కదిలింది కూడా. ఇన్ని వారాల్లో ఆ ముఖంలో అలాంటిది నేను చూడలేదు. మరియమ్మ తల్లీ, ఇక్కడే ఆపెయ్యి, ఇంకేం జరగనివ్వకు అనుకున్నాను.

"విసురు చెల్లదు."

టోంకా గొంతు. గట్టిగా కూడా లేదు. కర్ర చాచి పాచికల్ని తన దగ్గరికి లాక్కుంది.

కేకలు ఒక్కొక్కటే ఆగాయి.

"అదేంటే?" అంది పెరీనా. "పదకొండు పడితే! మీ నాన్నే కదే!"

"ఎవరైనా అంతే అత్తా." అది పాచికలు ఒక్కొక్కటీ తిప్పి అన్ని వైపులా చూసింది. మళ్ళీ బల్ల మీద పెట్టి కర్రతో ఆయన ముందుకి తోసింది. అప్పుడు తలెత్తి ఆయన ముఖంలోకి చూసింది. "రెండు చేతులూ కలిపారు. ఒంటిచేత్తో విసరాలి, సార్."

సార్ అంది. కన్న తండ్రిని.

హాలీ కదల్లేదు. పైన డెక్కు మీద వాన చప్పుడు వినబడుతోంది. నాకు ఆయన వెనక్కి తిరగడం కనబడింది, మెట్లు దిగడం కనబడింది, వానలో బండి వెళ్ళిపోవడం కనబడింది. హైవే పక్క గదిలో టోంకా ఒక్కతే కూర్చుని తినడం కనబడింది. ఆయన పడవలో ఆయన చెయ్యి పట్టుకు ఆపిన మనిషి ఇంతవరకూ లేడు. నేనూ లేను. టోంకా కళ్ళు దించలేదు.

ఆయన పాచికల్ని చూస్తూ నిలబడ్డాడు. పక్క బల్లవాళ్ళు కూడా ఆట ఆపి చూశారు. తర్వాత టోపీ తీసి నా చేతికిచ్చాడు. ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. కుడిచేత్తో పాచికలు తీసుకున్నాడు.

"ఎంత గట్టిగా విసరాలి?" అన్నాడు.

దాన్ని అడిగి చెప్పమని నాతో అంటున్నాడనుకుని తలెత్తాను. ఆయన నా వైపు చూడటం లేదు.

"నిన్నే తల్లీ. ఎంత గట్టిగా విసరాలి?"